కరువు కాలంలో ఖలీఫా దస్తర్‌ఖాన్

ఒకసారి కొందరు సహాబీలు దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి వచ్చి, తాము ఎంత తిన్నా కడుపు నిండటం లేదని మొరపెట్టుకున్నారు. మీరు విడివిడిగా తింటున్నారేమోనని ఆయన ఆరా తీశారు. వారు అవునన్నారు. ఇకమీదట అందరూ కలిసి కూర్చుని, అల్లాహ్ పేరు తలచుకుని తినమని, అలా చేస్తే ఆహారంలో బర్కత్ కలుగుతుందని ఆయన హితవు చెప్పారు.

ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే ఇది మన ఇంటి నాలుగు గోడల మధ్య పాటించవలసిన మర్యాద మాత్రమేనని అనుకుంటాం. ఊరికి ఊరే పస్తులున్నప్పుడు దీన్ని ఎలా ఆచరించాలి? పాలకుడు ఎలా ఆచరించాలి? కలిగినవాడు ఎలా ఆచరించాలి? వీటికి సమాధానం హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) జీవితంలో మనకు దొరుకుతుంది.

రేనాటి కరువులు

కోయిలకుంట్ల ప్రాంతం వారికి కరువు అంటే పుస్తకంలో చదివి తెలుసుకునే మాట కాదు. పక్కనే కుందూ నది పారుతున్నా, వాన ముఖం చాటేస్తే నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చుతాయి. జొన్న కంకి గింజ పట్టకముందే ఎండిపోతుంది. 1950ల తొలి ఏళ్లలో రాయలసీమలో వెలసిన గంజి కేంద్రాల గురించి మన పెద్దలు చెప్పగా విన్నవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు.

అంతకు చాలా ముందు, 1866లో, ఈ సీమను మరో కరువు పట్టి పీడించింది. అప్పుడు ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి గారు తమ గాదెలు తెరిచి వేలాది మంది ఆకలి తీర్చారు. ఆ రోజుల్లో ఉయ్యాలవాడ కోయిలకుంట్ల తాలూకాలోని గ్రామం. నేడు ఈ రెండూ నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఆయన దాతృత్వం సంగతి సముద్రాలు దాటి విక్టోరియా మహారాణి దాకా వెళ్లింది. ఆమె ఆయనకు బంగారు పతకం బహూకరించింది. ఆయన మీద కట్టిన పాటలు రేనాటి జనం నోట నిలిచిపోయాయి. ఆ ఇంటి గాదెలో ఎన్ని పుట్ల ధాన్యం ఉండేదో నేడు ఎవరికీ పట్టదు. ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన సంగతి మాత్రం అందరికీ గుర్తుంది.

పదేళ్లు తిరిగేసరికి, 1876-78 సంవత్సరాల్లో, మహా కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక ధాత కరువు అన్నారు. 1871, 1881 నాటి జనాభా లెక్కలను పోల్చి చూస్తే కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ కరువులో, 1877లో, సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆంగ్లేయ అధికారి కరువు పనులకు వచ్చిన మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని తేల్చాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. రోజంతా కష్టపడే మనిషికి అది ఏమాత్రం చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. ఆ పౌను గింజలతో బతికి చూడవలసిన అగత్యం మాత్రం దాన్ని నిర్ణయించినవారికి కలగలేదు.

ఆకలిగొన్నవారికి కొలిచి ఇవ్వడం ఒక మెట్టు. గాదె తెరిచి కడుపు నిండా పెట్టడం అంతకన్నా ఎంతో పై మెట్టు. ఇంకా పైన మరో మెట్టు ఉంది. అది ఆకలిగొన్నవారి పక్కన కూర్చుని, వారు తిన్నదే తాను తినడం. సుమారు పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఒక ఖలీఫా ఆ మెట్టు ఎక్కి చూపించారు.

ఆకలి ఎరిగిన మనిషి

హజ్రత్ ఉమర్ (రజి) మక్కాలో ఖురైష్ తెగకు చెందిన బనూ అదీ వంశంలో జన్మించారు. తండ్రి ఖత్తాబ్ చాలా కఠినుడు. చిన్నతనంలో ఉమర్ (రజి) తండ్రి ఒంటెలను మేపేవారు. ఖలీఫా అయిన తర్వాత ఒకసారి ఆ మేత మైదానం మీదుగా వెళ్తూ, తండ్రి చేతి దెబ్బలను, ఆనాటి అలసటను తలచుకున్నారు. ఆనాటి పశువుల కాపరికీ అల్లాహ్‌కూ మధ్య నేడు పై అధికారి ఎవరూ లేరు కదా అని వినయంతో తల వంచారు.

ఆయన మొదట ఇస్లాంకు బద్ధ విరోధి. ఒకనాడు కత్తి పట్టుకుని ఇంట్లోంచి బయలుదేరి, చివరకు తన సోదరి ఫాతిమా (రజి) ఇంట్లో తాహా సూరా వాక్యాలు చదివి మనసు కరిగిపోయి, దైవప్రవక్త (స) సన్నిధిలో ఇస్లాం స్వీకరించిన వృత్తాంతం మన పిల్లలకు కూడా తెలుసు. దైవదౌత్యం ఆరో ఏట ఈ సంఘటన జరిగిందని చరిత్రకారులు చెబుతారు.

మదీనా జీవితంలో ఆయన ఆకలిని దగ్గరగా చూశారు. ఒకరోజు దైవప్రవక్త (స) ఇంట్లోంచి బయటకు వచ్చారు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) బయటే కనిపించారు. ఈ వేళప్పుడు ఇల్లు విడిచి ఎందుకు వచ్చారని అడిగితే, ఆకలేనని ఇద్దరూ చెప్పారు. తననూ అదే బయటకు రప్పించిందని దైవప్రవక్త (స) అన్నారు. ముగ్గురూ కలిసి ఒక అన్సారీ ఇంటికి వెళ్లారు. ఆ గృహస్థుడు ఆనందంతో ఖర్జూరపు గెల తెచ్చి ముందుంచాడు. మేకను కోసి వండి పెట్టాడు. తిని, తాగి తృప్తి చెందిన తర్వాత, ఈ అనుగ్రహం గురించి ప్రళయదినాన తప్పకుండా ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) వారికి గుర్తు చేశారు.

ఆకలితో ఒకరి గుమ్మం ముందు నిలబడిన ఆ రోజును ఉమర్ (రజి) మరచిపోలేదని ఆయన తర్వాతి జీవితం మనకు చెబుతుంది.

తనతో సమానంగా

హిజ్రీ 13లో, అంటే క్రీ.శ. 634లో, ఆయన ఖలీఫా అయ్యారు. కొద్ది ఏళ్లలోనే ఇరాక్, సిరియా ఆయన పాలన కిందికి వచ్చాయి. బైతుల్ మాల్ సంపదతో నిండింది. అయినా ఆయన భోజనంలో మార్పు రాలేదు.

ఒకసారి ఖురైష్ ప్రముఖుడు సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఆయన కోసం పెద్ద పళ్లెం నిండా భోజనం పంపించారు. దాన్ని కొందరు మోసుకొచ్చి ఆయన ముందుంచారు. ఉమర్ (రజి) వెంటనే తినడం మొదలుపెట్టలేదు. అక్కడున్న పేదలను, చుట్టుపక్కల వారి బానిసలను పిలిచారు. వారంతా ఆయనతో పాటు అదే పళ్లెంలో తిన్నారు. తమ సేవకులతో కలిసి తినడానికి ఇష్టపడని వారిని ఆయన అక్కడే తీవ్రంగా నిందించారు. అప్పుడు సఫ్వాన్, తమకు వారంటే ఏవగింపు లేదని, కాకపోతే తాము తినే మంచి భోజనం వారికి కూడా పెట్టేంత తమ దగ్గర ఉండదని సంజాయిషీ చెప్పుకున్నారు.

ఈ సంజాయిషీ మనకు కొత్తదా? ఇంట్లో పనిచేసే మనిషికి వేరే గిన్నె పెట్టేటప్పుడు, నిన్నటి కూర వడ్డించేటప్పుడు మనం చెప్పుకునేది కూడా ఇదే కదా!

బైతుల్ మాల్ బాధ్యత చూసిన ముఐఖీబ్ (రజి) కుష్ఠు రోగంతో బాధపడేవారు. అలాంటి మనిషిని కూడా ఉమర్ (రజి) తన భోజనం దగ్గరకు పిలిచి, తనతో పాటు తినమన్నారు.

బూడిద సంవత్సరం

హిజ్రీ 18, అంటే క్రీ.శ. 639. హిజాజ్ ప్రాంతమంతటా వానలు కురవలేదు. పచ్చిక మాడిపోయింది. నేల నల్లబడింది. గాలి వీస్తే దుమ్ము బూడిదలా రేగేది. అందుకే దాన్ని ఆముర్రమాదా, అంటే బూడిద సంవత్సరం అన్నారు. తొమ్మిది నెలల పాటు ఈ విపత్తు సాగింది. ఎడారి పల్లెల నుంచి బద్దూలు గుంపులు గుంపులుగా మదీనా చేరి ఊరి చుట్టూ గుడారాలు వేసుకున్నారు.

ఉమర్ (రజి) ప్రాంతీయ పాలకులకు లేఖలు రాశారు. సిరియా నుంచి హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెల మీద ఆహారం తెచ్చారు. మదీనాలో రోజూ ఒంటెలను కోసి, పెద్ద పెద్ద పాత్రల్లో వండించి, రొట్టెలు నూనెలో నానబెట్టి అందరికీ వడ్డించే ఏర్పాటు జరిగింది. వంటవారు తెల్లవారకముందే లేచి పొయ్యిలు వెలిగించేవారు.

ఒక రాత్రి ఖలీఫా తమ వద్ద తిన్నవారిని లెక్కించమన్నారు. ఏడు వేల మంది తేలారు. ఆయన అంతటితో ఊరుకోలేదు. పంక్తికి రాలేని రోగులను, పిల్లలను, గుడారాల్లో ఉండిపోయినవారిని కూడా లెక్కించమన్నారు. వారు నలభై వేల మంది అయ్యారు. ఇబ్నె సఅద్ తన తబఖాత్ గ్రంథంలో ఈ లెక్కలు నమోదు చేశారు. రాలేనివారికి వారున్న చోటికే ఆహారం వెళ్లేది.

ఆ రోజుల్లో ఖలీఫా స్వయంగా వీపు మీద రెండు సంచులు, చేతిలో నూనె పాత్రతో వెళ్తుండగా హజ్రత్ అబూహురైరా (రజి) చూశారు. సేవకుడు అస్లమ్, ఆయన వంతులవారీగా ఆ బరువు మోస్తున్నారు. అబూహురైరా (రజి) కూడా ఓ చేయి వేశారు. మదీనా బయట ఓ చోట ఇరవై కుటుంబాల దాకా ఆకలితో పడి ఉన్నాయి. ఉమర్ (రజి) అక్కడ స్వయంగా వండి, వారు కడుపునిండా తినేదాకా నిలబడ్డారు.

నెయ్యి ముట్టని ఖలీఫా

కరువు మొదటి రోజుల్లో ఒకనాడు ఆయన ముందు నెయ్యి కలిపిన రొట్టె పెట్టారు. ఆయన ఒక బద్దూను తోడు కూర్చోబెట్టుకున్నారు. ఆ మనిషి పళ్లెంలో నెయ్యి ఉన్న వైపుకే పదేపదే చేయి చాస్తున్నాడు. నెయ్యి తిని చాలా కాలమైనట్లుంది కదా అని ఉమర్ (రజి) అడిగారు. ఎన్నో రోజులుగా తాను నెయ్యి గానీ నూనె గానీ ఎరగనని, తినేవారిని కూడా చూడలేదని అతను చెప్పాడు. జనానికి మళ్లీ మంచి రోజులు వచ్చేదాకా నెయ్యి, మాంసం ముట్టనని ఉమర్ (రజి) ఆ రోజే ప్రమాణం చేశారు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఆ ఆకలి సంగతి ఖలీఫాకు ఏ అధికారి నివేదికలోనూ దొరకలేదు. పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో తింటున్న మనిషి చేతి కదలిక చెప్పింది. వేరే గదిలో తిని ఉంటే ఆయనకు అది ఎన్నటికీ తెలిసేది కాదు.

నూనెతోనే రొట్టె తినడం వల్ల ఆయన కడుపులో శబ్దాలు వచ్చేవి. జనం తినేదాకా నీకు ఇంతకు మించి దొరకదని ఆయన తన కడుపునే మందలించేవారు. ఎర్రని మేని ఛాయ నల్లబడింది. కరువు ఇంకొన్నాళ్లు సాగితే ముస్లిముల గురించిన దిగులుతోనే ఆయన చనిపోతారేమోనని దగ్గరివారు భయపడ్డారు.

ఒకరోజు కోసిన ఒంటె మాంసంలో మూపురం, కాలేయం ముక్కలు ప్రత్యేకంగా ఆయన ముందుకు వచ్చాయి. ఇవి ఎక్కడివని అడిగారు. ఈ రోజు కోసిన ఒంటెవేనని సేవకులు చెప్పారు. మంచి ముక్కలు తాను తిని ఎముకలు జనానికి పెడితే తనంత చెడ్డ పాలకుడు మరొకడు ఉండడని అంటూ, ఆ పళ్లెం తీసేసి రొట్టె, నూనె తెమ్మన్నారు. మరోసారి బజారులో నెయ్యి, పాలు కనిపిస్తే సేవకుడు 40 దిర్హములు పెట్టి ఆయన కోసం కొని తెచ్చాడు. ఆయన వాటిని దానం చేయించారు. జనానికి తగిలిన బాధ తనకూ తగలకపోతే వారి స్థితి తనకెలా తెలుస్తుందని ప్రశ్నించారు. తన ఇంటి పిల్లవాడి చేతిలో పుచ్చకాయ ముక్క చూసి, ముహమ్మద్ (స) అనుచర సమాజం ఆకలితో అలమటిస్తుంటే నీవు పండు తింటున్నావా అని మందలించారు.

చివరకు హజ్రత్ అబ్బాస్ (రజి)ను వెంటబెట్టుకుని వర్షం కోసం దుఆ చేశారు. అల్లాహ్ కరుణించాడు. వానలు కురిశాయి. బద్దూలకు దారి బత్తెం, వాహనాలు ఇచ్చి వారి వారి పల్లెలకు పంపించారు. ఆ ఏడాది జకాత్ వసూలును వాయిదా వేశారు. ఆకలికి తాళలేక దొంగిలించినవారికి శిక్షను నిలిపివేశారు.

ఒక్కో ఇంటికి అంతే మంది

వానలు కురిసిన తర్వాత ఉమర్ (రజి) తన మనసులోని ఆలోచన ఒకటి బయటపెట్టారు. అల్లాహ్ ఈ కరువును తొలగించి ఉండకపోతే, తినడానికి కొంతైనా ఉన్న ప్రతి ముస్లిం ఇంట్లోకి, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది పేదలను పంపి కూర్చోబెట్టేవాడినని చెప్పారు. ఒకరికి సరిపడే భోజనాన్ని ఇద్దరు పంచుకుంటే ఇద్దరిలో ఎవరూ చావరని కారణం కూడా చెప్పారు.

ఒకరి భోజనం ఇద్దరికి, ఇద్దరి భోజనం నలుగురికి సరిపోతుందన్న దైవప్రవక్త (స) బోధను ఉమర్ (రజి) ఒక ప్రభుత్వ ప్రణాళికగా మార్చాలనుకున్నారన్న మాట. గమనించండి, ధాన్యం పంపమని ఆయన అనలేదు. మనుషులను పంపుతానన్నారు. గింజలు పంపితే ఇచ్చినవాడు ఇచ్చినవాడిగానే, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నవాడిగానే ఉండిపోతారు. మనిషిని తెచ్చి దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టుకుంటే ఇద్దరూ సగం సగం తింటారు. సగం ఆకలి ఇద్దరిదీ అవుతుంది.

హిజ్రీ 23వ సంవత్సరం చివర, ఫజ్ర్ నమాజులో ఒక దుండగుడు పొడిచిన కత్తిపోట్లకు ఉమర్ (రజి) అమరులయ్యారు. అంత పెద్ద రాజ్యాన్ని ఏలిన మనిషి చివరి ఘడియల్లో తన అప్పులెంతో లెక్కించి తీర్చమని కుమారునికి అప్పగించారు. దైవప్రవక్త (స), అబూబక్ర్ (రజి)ల చెంతనే ఆయన ఖననం జరిగింది.

మన దస్తర్‌ఖాన్ మీద ఎవరు లేరు?

అల్లాహ్ దయవల్ల నేడు మన ఇళ్లలో బూడిద సంవత్సరం నాటి కరువు లేదు. కానీ కలిసి తినే అలవాటుకే కరువొచ్చింది. కొడుకు సెల్‌ఫోన్ చూస్తూ మంచం మీద తింటాడు. తండ్రి దుకాణం కట్టేసి వచ్చి టీవీ ముందు తింటాడు. ఒకరి తర్వాత ఒకరుగా అందరికీ వడ్డించిన ఇల్లాలు చివర్లో గిన్నె అడుగున మిగిలింది తింటుంది. ముసలి తల్లి పళ్లెం మూలనున్న నులక మంచం దగ్గరికి వెళ్తుంది. కొన్నిసార్లు వెళ్లడం ఆలస్యమవుతుంది కూడా.

విడిగా తినడం పాపమని మనం అనడం లేదు. కలిసి తిన్నా, విడిగా తిన్నా దోషం లేదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలో స్పష్టంగా ఉంది. గల్ఫ్‌లో ఒంటరిగా వండుకుని తింటున్న మన బిడ్డలకు అది ఊరట కూడా. అయితే కలిసి తినే వీలుండి కూడా విడిపోయి తిన్నప్పుడు మనం పోగొట్టుకునేది బర్కత్. ఒకరి ఆకలి ఒకరికి తెలిసే అవకాశం కూడా దానితో పాటే పోతుంది. పిల్లవాడు ఎందుకు సరిగా తినడం లేదో, కోడలి ముఖం ఎందుకు వాడిపోయిందో ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తుంది.

ఉమర్ (రజి) పంక్తికి వచ్చినవారిని లెక్కించాక, రానివారిని కూడా లెక్కించమన్నారు కదా! ఈ రాత్రి మనం కూడా మన ఇంట్లో ఆ లెక్క వేద్దాం. వంటగదిలోనే ఉండిపోయింది ఎవరు? మంచాన పడి ఉన్నది ఎవరు? గడప దగ్గర కూర్చుని ఉన్నది ఎవరు? దైవప్రవక్త (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) కొరికిన ఎముకనే అందుకుని, ఆమె నోరు పెట్టిన చోటే నోరు పెట్టి తిన్నారు. వండి తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని, అది కుదరకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతని చేతికివ్వాలని ఆయన ఉపదేశించారు. ఇంటి ఆడవాళ్లు అందరికన్నా చివర తినాలన్న ఆచారం మనం పెట్టుకున్నదే తప్ప ధర్మం విధించింది కాదు.

వలీమాల విషయం కూడా చెప్పుకోవాలి. ధనికులను పిలిచి పేదలను వదిలేసే వలీమా భోజనం అన్నింటికన్నా చెడ్డ భోజనమని హదీసుల్లో ఉంది. నేడు మన షాదీఖానాల్లో పెద్దమనుషులకు ఒక హాలు, మిగతావారికి ఒక హాలు కనిపిస్తున్నాయి. బిర్యానీ డేగ్ ఒకటే అయినా మంచి ముక్కలు ఏ హాలుకు వెళ్తున్నాయో అందరికీ తెలుసు. మూపురం ముక్క వెనక్కి పంపిన ఖలీఫా అనుచరులం మనం!

అలాగే పొరుగువారు. కూరలో కాస్త నీళ్లు ఎక్కువ పోసైనా పొరుగింటికి పంపమని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదుడైన పొరుగింటివాడికి పంపారా లేదా అని పదేపదే అడిగి తెలుసుకున్నారు. హిందూ ముస్లింలు గోడ పక్క గోడగా బతికే మన ఊళ్లకు ఇది ఎంతో అవసరమైన పాఠం. పొరుగువారు తినేది ఏదో, తిననిది ఏదో తెలుసుకుని, వారికి ఇష్టమైనదే గౌరవంగా పంపడం కూడా ఈ మర్యాదలో భాగమే.

ఇవన్నీ ఒక్కరోజులో మారేవి కావు. కానీ రోజుకు ఒక్క పూట, అది ఇషా నమాజు తర్వాతైనా సరే, ఇంటిల్లిపాదీ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చోవచ్చు. ఫోన్లు మరో గదిలో పెట్టవచ్చు. గిన్నెలన్నీ ముందే మధ్యలో పెట్టుకుంటే వడ్డించే మనిషి లేచి తిరగవలసిన పని ఉండదు. ఉన్నది జొన్నరొట్టె, పప్పే కావచ్చు. వారానికి ఒక్కసారైనా ఒక పేద బంధువునో, ఒంటరి వృద్ధుణ్ణో, మసీదుకు వచ్చిన బాటసారినో ఇంటికి తెచ్చి మన పిల్లల పక్కన కూర్చోబెట్టవచ్చు. దానం చేయడాన్ని పిల్లలు ఉపన్యాసాల్లో వింటారు. పంచుకోవడాన్ని మాత్రం వాళ్లు మన పళ్లెంలోనే నేర్చుకుంటారు.

ఓ అల్లాహ్! మా ఆహారంలో బర్కత్ ప్రసాదించు. మా దస్తర్‌ఖాన్‌ను అనాథలకు, పేదలకు, పొరుగువారికి విశాలం చేయి. మా పక్కనున్నవారి ఆకలిని గుర్తించే కళ్లను మాకివ్వు. ఆమీన్.